అంచు పడని ఫోటో

గోపాలపట్నం,
16 జూన్ 2025

అక్సా,

నీకు ప్రభువు తోడు. మాకు ప్రస్తుతానికి ఉక్కపోత తోడు.

ఫోన్లో చెప్పొచ్చు కదా మావయ్యా అంటావు. ఫోన్లో నువ్వు ఊఁ ఊఁ అంటూ అటు కంప్యూటర్ మీద ఎవరి పెళ్ళి ఆల్బమో దిద్దుకుంటూ ఉంటావు. ఉత్తరమైతే చేతులు ఖాళీ చేసుకుని చదవాలి. పైగా దీంతోపాటు ఒక వస్తువు పంపుతున్నాను. అది ఫోన్లోంచి రాదు.

నిన్న ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ మీ అత్త కనకరత్నమూ జాలరిపేట వెళ్ళాం, వీరేంద్ర వాళ్ళింటికి. పడవల ఫోటోలు తీస్తానని వెళ్ళి ఇంజన్లు బాగుచేసే పిల్లాణ్ణి ఇష్టపడి వచ్చిన దానివి నువ్వు, పెళ్ళిమాటలకి తిరగాల్సింది మేమూ! సరే, బాగానే చూశారు. వేట నిషేధం అయిపోయి అదేరోజు పడవలు దిగాయేమో, వీరేంద్ర నాన్న అర్జునరావు బావగారు సముద్రం మీదే ఉన్నారు. వీరేంద్ర తల్లి సీతాలు చెల్లెమ్మ వంజరం ముక్కలు వేపి పెట్టింది. మీ అత్త రెండోసారి అడిగి వేయించుకుంది, ఆ సంగతి చెప్పానని తనకి చెప్పకు.

పెళ్ళిమాటలకి మీ అమ్మ లేని లోటు ఉండకూడదని మా గోడమీద ఫోటో దించి పట్టుకెళ్ళాను. నువ్వు చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. మీ అమ్మ పెళ్ళిరోజు పొద్దున, చర్చికి బయల్దేరే ముందు, ముసుగు ఇంకా పెట్టుకోకుండా గుమ్మంలో నిలబడితే నేను తీసింది. నేను తీసిన మొదటి పెళ్ళి ఫోటో. సీతాలు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. చూసి, ఎంతో జాలిగా అంది:

"అయ్యో, ఈయమ్మికి మొగుడు పోయేక తీసేరేటన్నయ్యా?"

తెల్లచీర, నుదుట బొట్టు లేదు, మన సంఘం పద్ధతిలో ఒంటిమీద నగ లేదు. ఆమె తప్పేముంది? పెళ్ళిచీర అమ్మా అది, మాలో పెళ్ళికూతురు తెలుపే కడుతుంది, మా అక్సా కూడా అమ్మ చీరలాంటిదే కట్టుకోవాలని ముచ్చటపడుతోంది అన్నాను. ఆమె ముఖం మాడిపోయింది.

"మా ఇళ్ళల్ల తెల్లసీరంటే ఏటో తెలుసా అన్నయ్యా? సంద్రం మనిషిని తీసుకుందని. మా అమ్మ ముప్పై ఏళ్ళు కట్టింది. ఇంటాయనా సంద్రం మీదే, మా కుర్రోడూ అప్పుడప్పుడు ఎల్తాడు. నా కోడలు తెల్లసీరతోటి గడప దాటితే నాను సూడనేను."

మధుపర్కం కూడా తెలుపే కదమ్మా అన్నాను. "దానికి పసుపుంటాది, అంచుంటాది" అంది. దీనికీ అంచుందమ్మా, చీరంతా పువ్వుల లత కుట్టుంది, ఫోటోలో పడలేదు అన్నాను. "పడకపోతే నానెలా నమ్మేది? సూపెట్టు, అప్పుడు సూద్దాం" అంది.

న్యాయమైన మాటే. ఆ లత మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, తెల్ల సిల్కు మీద తెల్ల దారంతో కుట్టింది. చీర హుద్‌హుద్ తుఫానుకి పెట్టెతో సహా పోయింది. మిగిలింది ఈ ఫోటో ఒక్కటే. నా ప్రింటులో ముఖం తేటగా రావాలని కాంట్రాస్ట్ గట్టిగా పెట్టేశాను, దాంతో చీర తెల్లకాగితం అయిపోయింది. కానీ నెగటివ్‌లో ఉండి తీరాలి. అది పంపుతున్నాను. నీ మిషన్లతో ఆ తెలుపులోంచి లతని బయటికి తీయి. సీతాలుకి చూపించాలి. అది చూసే తగరపువలసలో కుట్టుపని చేసే మహేశ్వరి నీకు కొత్త చీర కుట్టాలి. పెళ్ళి నవంబరు మూడో వారం. గుర్తుందిగా?

నెగటివ్ జాగ్రత్త. ప్రింటు కాగితం మీద వేసి పంపు, స్క్రీన్ మీద చూసి నేను ఏదీ ఒప్పుకోను.

నీ మావయ్య
జ్ఞానశేఖర్


బెంగళూరు,
27 జూన్ 2025

మావయ్యకి వందనాలు, అత్తయ్యకి ముద్దులు,

నెగటివ్ క్షేమంగా చేరింది. దీపం ముందు పట్టుకుని చూస్తే అమ్మ ముఖం తెల్లగా, చీర నల్లగా ఉండి నవ్వొచ్చింది, కాసేపటికి ఏడుపూ వచ్చింది. ఆ చీర ఒక్కసారే పెట్టెలోంచి తీసి చూపించింది నాకు. ముట్టుకోనివ్వలేదు, చేతికి మామిడిరసం ఉందని.

సీతాలత్తమ్మ మాట వీరేంద్ర ముందే ఫోన్ చేసి చెప్పాడు. "మా అమ్మ అన్నదని బాధపడకే, మా అమ్మమ్మని అలగ సూసి సూసి అలాగైపోయింది" అన్నాడు. నాకు బాధ లేదు. భయం మాత్రం ఉంది.

ఏం చేశానో చెప్తాను. చీర దగ్గర నెగటివ్ బాగా చిక్కగా ఉంది, మామూలుగా స్కాన్ చేస్తే వెలుగు అందులోంచి దూరదు. అందుకని ముఖానికి ఒకసారి, చీరకి ఎక్కువ వెలుగు పెట్టి ఇంకోసారి స్కాన్ చేసి రెండూ కలిపాను. ఆ తర్వాత తెలుపుని కొంచెం కొంచెంగా కిందికి లాగాను. మావయ్యా, ఉంది! కుచ్చిళ్ళ పక్కనుంచి పైకి పాకి భుజం దాకా వెళ్ళింది లత. గుమ్మంలోంచి పక్కవాటుగా పడిన ఎండకి ఒక్కో కుట్టుకీ సన్నటి నీడ ఉంది. ఆ నీడ ఎంత పలచనంటే, చీరని తెల్లగా మెరిపించాలని చూస్తే పోతుంది. అందుకే చీరని కాగితమంత తెల్లగా ఉంచలేదు, పాలమీగడ తెలుపులో ఆపాను.

అమ్మ ముఖం జోలికి పోలేదు. అమ్మ నలుపు అమ్మదే.

ప్రింటు అట్టల మధ్య పెట్టి పంపుతున్నాను. నచ్చుతుందనే ధైర్యంతో ఉన్నాను.

నీ అక్సా


గోపాలపట్నం,
8 జూలై 2025

అక్సా,

ప్రభువు దయవల్ల ఇక్కడ వాన పడింది, కరెంటు పోయింది, రెండూ అలవాటే.

ప్రింటు చూశాను. ఏమనుకోకు తల్లీ, నచ్చలేదు. చీర మీద బూడిద పూసినట్టుంది. పాలమీగడ అన్నావు, నాకు మాత్రం మూడురోజులు ఉతకని పంచెలా కనిపించింది. లత ఉంది ఉంది అని నువ్వు అంటున్నావు గానీ నాకు కంటికి ఆనలేదు. పెళ్ళికూతురి చీర ఫెళఫెళలాడాలి. తెలుపు పెంచు, కాంట్రాస్ట్ పెంచు. మురికిగా ఉన్న ఫోటో పట్టుకెళితే సీతాలు ఈసారి మొగుడు పోయి ఎన్నాళ్ళయిందని అడుగుతుంది.

ఈ కాలం రంగులకీ ఏదో తెగులు పట్టినట్టుంది. మన చర్చికి కొత్తగా సున్నం వేయించారు, తెలుపు వేయమంటే లేత పసుపు వేసి పోయారు. పాస్టరుగారితో ఆ మాటే అంటే ఆయన నావైపు వింతగా చూశారు. హైవే మీద లైట్లు కూడా మార్చినట్టున్నారు, సాయంత్రం అయితే ఒక్కోటీ బంతిపువ్వంత విచ్చుకుని కళ్ళలో పొడుస్తోంది. మున్సిపాలిటీవాళ్ళకి చెప్పేదెవరు?

మీ అత్త ఆవకాయ పంపుతానంటోంది. అది ఫోటోల కవర్లో పెట్టొద్దని గట్టిగా చెప్పాను.

మీ మావయ్య


బెంగళూరు,
19 జూలై 2025

మావయ్యకి,

ప్రభువు నిన్ను దీవించును గాక, నీ విమర్శని తట్టుకునే నా ఓపికని కూడా.

నువ్వు చెప్పినట్టే తెలుపు పెంచాను. ముందే చెప్తున్నాను, పెంచినకొద్దీ లత చివర్లు మాయమయ్యాయి. భుజం మీద పువ్వులు ఇంక లేవు. చీరలో నీడలు చాలా తక్కువ తేడాతో ఉన్నాయి. మొత్తం ఫోటోకి ఒకేసారి కాంట్రాస్ట్ పెంచితే ముఖం నిలుస్తుంది, చీర ఎగిరిపోతుంది. నువ్వు ఆ రోజు చేసిందీ అదే కదా?

ప్రింటు ఇందులోనే ఉంది. చూసి చెప్పు. మొదటిది పారేయకు.

ఆవకాయ చేరింది. కవరు లేకుండానే.

అక్సా


గోపాలపట్నం,
30 జూలై 2025

అక్సా,

ఈసారి చీర చీరలా ఉంది. తెల్లగా, శుభ్రంగా. కానీ లత ఏదే? అసలు సంగతి వదిలేసి చీర ఉతికి పంపావు! నాకు రెండూ కావాలి. తెలుపు తెలుపులా ఉండాలి, అందులో పువ్వు పువ్వులా లేచి కనపడాలి.

మా రోజుల్లో డార్క్‌రూంలో అయితే ఎర్రలైటు కింద నిలబడి, చీర ఉన్నచోటికి మాత్రం ఇంకాస్త వెలుగు పోనిచ్చేవాణ్ణి. ముఖం మీద పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి ఆడిస్తూ ఉండేవాణ్ణి. చెయ్యి ఆపితే గీత పడిపోతుంది. ఈ ఫోటోకి ఆ రోజు అంత ఓపిక చూపించలేదు. అక్క ముఖం కనపడితే చాలనుకున్నాను, కుర్రతనం. నువ్వు మౌసుతో ఆ పని చేయలేవా? కుట్టుకి వేరే, మెరుపుకి వేరే చూసుకోవాలి. నా మాట వినవు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటావు.

సీతాలు కబురు పంపింది, "పోటో ఏదన్నయ్యా" అని. ఇంకా కడుగుతున్నారని చెప్పాను. "ఎన్నాలు కడుగుతారు, సేపలా?" అందట. తొందరగా పంపు.

మావయ్య


బెంగళూరు,
9 ఆగస్టు 2025

మావయ్యా,

మూడో ప్రింటు పంపుతున్నాను. నాకు తెలిసిన పనితనమంతా ఇందులో ఉంది. చీరని ముక్కలు ముక్కలుగా తీసుకుని, నువ్వు అరచేత్తో చేసిన పనే మౌసుతో చేశాను. దీనికి మించి లత లేస్తే అది అమ్మమ్మ కుట్టింది కాదు, నేను గీసిన బొమ్మ అవుతుంది.

ఇంకోమాట. కోపం తెచ్చుకోకు. మొదట మురికి అన్నావు. తెల్లగా చేస్తే లత ఏది అన్నావు. ఆఫీసులో మా సీనియర్లకి మొదటి ప్రింటు చూపించాను, ఒక్కొక్కరూ వేలు పెట్టి పువ్వులు చూపించారు. నీకొక్కడికే కనిపించడం లేదు. ఎప్పుడూ నా పనికి వంక పెట్టని మనిషివి. అందుకే అడుగుతున్నాను, నీకు ఫోటో నచ్చలేదా, పెళ్ళి నచ్చలేదా? సీతాలత్తమ్మకి చూపించకుండా నాన్చితే, ఆవిడ కాదంటే, ఈ సంబంధం దానంతట అదే పోతుందనా? బొట్టు పెట్టుకునే ఇంట్లోకి మేనకోడల్ని పంపడం నీకు కష్టంగా ఉంటే ముఖాన్నే చెప్పు.

నేను నీలం చీర కట్టుకుంటాను. ఎవరికీ బాధ ఉండదు. తెల్లచీర సంగతి వదిలేద్దాం.

అక్సా


గోపాలపట్నం,
18 ఆగస్టు 2025

అక్సా,

నీ ఉత్తరం మీ అత్త చదివి వినిపించింది. చివర్లో తనే ఆపేసింది. మిగతాది నేను తీసుకుని చదువుకున్నాను.

పెళ్ళి నచ్చకపోతే అంత ఎండలో పడి జాలరిపేట ఎందుకు పోతాను? ఆ పిల్లాడు మొన్న నా పాత కెమెరా షట్టరు విప్పి బాగుచేసి ఇచ్చాడు. నీ పెళ్ళికి నా చేత్తో నలుపు తెలుపులో ఒక ఫోటో తీయాలని, అదే గుమ్మంలో నిన్ను నిలబెట్టి తీయాలని బాగుచేయించుకున్నాను. మీ అమ్మ ఫోటో పక్కన పెట్టడానికి. ఇప్పుడు నువ్వు నీలం చీర అంటున్నావు.

కట్టుకో. నీ ఇష్టం.

జ్ఞానశేఖర్


బెంగళూరు,
27 ఆగస్టు 2025

మావయ్యా,

మావయ్య అని కూడా రాయకుండా పేరు రాశావు. ఆ ఒక్క మాట దగ్గరే కూర్చుండిపోయాను. నోరు పారేసుకున్నాను, క్షమించు. నీలం చీర కొనలేదు.

నీ ఉత్తరాలన్నీ మళ్ళీ మొదటినుంచీ చదివాను. ఎక్కడో తేడా ఉంది. బహుశా నా ప్రింటరే తప్పు చేస్తోందేమో. ఒక చిన్న సాయం చెయ్యి. ఇందులో ఒక పట్టీ పెట్టాను. ఒక చివర నలుపు, ఇంకో చివర తెలుపు, మధ్యలో ఒక్కో గడి కొంచెం కొంచెంగా పలచబడుతూ పోతుంది. గడుల మీద అంకెలున్నాయి. పొద్దున వెలుగులో, కిటికీ దగ్గర కూర్చుని, ఏ గడి నుంచి పక్కగడికి తేడా తెలియడం లేదో అక్కడ పెన్నుతో గీత గీసి తిప్పి పంపు. అత్తయ్యని కూడా విడిగా ఇంకో పట్టీ మీద గీయమను. ఒకరిది ఒకరు చూడొద్దు. పిల్లల ఆటలా ఉందని నవ్వుకోండి, పర్వాలేదు.

నీ అక్సా
(ఎప్పటికీ నీ మేనకోడలు)


గోపాలపట్నం,
4 సెప్టెంబరు 2025

అక్సా తల్లికి,

మావయ్యే రాస్తున్నాడు, చూసుకో.

నీ పరీక్ష రాశాం. నీ ప్రింటరు పాడైంది, సందేహం లేదు. నల్లవైపు బాగానే ఉంది గానీ ఏడో గడి దాటాక అంతా ఒకటే ముద్ద. గీత అక్కడే గీశాను. మీ అత్త మాత్రం చివరిదాకా అన్ని గడులూ విడివిడిగా ఉన్నాయంటుంది. తనకి ఫోటోల సంగతి ఏం తెలుసు? లేనివి ఉన్నట్టు చూడడం తనకి అలవాటు. మా పెళ్ళిచూపుల్లో నన్ను చూసి ఎవరో సినిమా హీరోలా ఉన్నానంది!

మిషను బాగుచేయించుకుని మళ్ళీ ప్రింటు తీయి.

నీ మావయ్య


బెంగళూరు,
11 సెప్టెంబరు 2025

మావయ్యా,

కూర్చుని చదువు.

ప్రింటరు బాగానే ఉంది. అత్తయ్య గీసిందే సరైనది. ఆఫీసులో అందరూ అత్తయ్యలాగే గీశారు. చర్చికి వేసింది తెలుపే, అత్తయ్యని అడిగాను. హైవే మీద లైట్లు ఎవరూ మార్చలేదు. నా ఉత్తరం అత్తయ్య చదివి వినిపించింది అన్నావు. నువ్వు ఎవరి చేతా ఏదీ చదివించుకునే మనిషివి కాదు.

నీ కళ్ళలో శుక్లాలు వచ్చాయి మావయ్యా. అవి తెలుపులో ఉన్న సన్నని తేడాలని ముందు తినేస్తాయి. నా ప్రింటులో లేదన్న లత నీ కంట్లో పోయింది. నువ్వు పెంచమన్నకొద్దీ నేను కాంట్రాస్ట్ పెంచి, ఉన్న పువ్వుల్ని నా చేత్తో చెరిపేశాను. ఇద్దరం కలిసి అమ్మ చీరని పాడుచేసుకున్నాం.

నీకు ఎప్పుడో అనుమానం వచ్చి ఉంటుంది. దాచావు. ఎందుకు దాచావో కూడా తెలుసు. కళ్ళు పోయాయంటే నా పెళ్ళి ఫోటో నిన్ను తీయనివ్వరని. ఒసే అక్సా, కంట్లో కత్తి పెట్టనివ్వను అంటావు. అది ఇప్పుడు చాలా చిన్న పని, పూటలో ఇంటికొస్తావు. వీరేంద్రతో మాట్లాడాను. వాడు నిన్ను బండిమీద తీసుకెళ్తాడు. నువ్వు ఒప్పుకోకపోతే పెళ్ళికి డ్రోన్ వాళ్ళని పిలుస్తాను. నెత్తిమీద ఈగలా తిరుగుతూ తీస్తుంది. ఆలోచించుకో.

నాకు నువ్వు కావాలి మావయ్యా. ఆ గుమ్మంలో నేను నిలబడితే కెమెరా వెనక అమ్మని చూసిన కన్నే ఉండాలి.

నీ అక్సా


గోపాలపట్నం,
6 అక్టోబరు 2025

నా బంగారు తల్లికి,

ఆయన గుడ్డివారి కన్నులు తెరిచెను అని ఆదివారంబడి పిల్లలకి ఎన్నేళ్ళు చెప్పానో! ఒక కన్ను నాకే తెరిచేసరికి నోట్లోంచి ఒక్క వచనమూ రాలేదు.

డ్రోన్ మాట దెబ్బకి ఒప్పుకున్నాను. వీరేంద్ర తీసుకెళ్ళాడు, ఆపరేషన్ గది బయట నాకంటే ఎక్కువ వణికాడు. "ఏటీ కాదు మావయ్యా, ఇంజనుకి నోజిల్ మార్చినట్టే" అని ధైర్యం చెప్పాడు, చెప్పి తనే వెళ్ళి నీళ్ళు తాగొచ్చాడు. కుడికన్ను అయింది, ఎడమది జనవరిలో. మర్నాడు కట్టు విప్పారు. మొదట కనపడింది మీ అత్త. ఎన్ని తెల్లవెంట్రుకలే! ఆ మాట పైకి అనేశాను. రెండు రోజులు మాటల్లేవు.

చర్చి గోడలు తెల్లగా ఉన్నాయి. పాస్టరుగారికి క్షమాపణ చెప్పుకున్నాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అని ఎంతమందిని వెక్కిరించానో, అదే నాకు తగులుకుంది.

నీ ప్రింట్లు మూడూ మంచం మీద పరిచాను. మూడోది బాగుంది. రెండోది నా మూర్ఖత్వం. మొదటిది, నేను మురికి పంచె అన్నది, అది చూడగానే నాకు ఏడుపు ఆగలేదు అక్సా. కొత్త కంట్లో నీళ్ళు పెట్టుకోకూడదని డాక్టరు చెప్పాడు, ఏం చేయను? లతంతా ఉంది. ఆకు ఈనెతో సహా ఉంది. మా అమ్మ చెయ్యి ఉంది. ఆ ఫోటో తీసింది నేను, కడిగింది నేను, ఇన్నేళ్ళు గోడమీద పెట్టుకుని చూసింది నేను, ఆ చీరని ఇప్పుడు చూశాను. ఎవరి మాటా వినకుండా మొదటే సరిగ్గా చేశావు. అమ్మ నలుపు అమ్మదే అన్నావు చూడు, అది కూడా.

ఇంకోటి కూడా చూశాను. నువ్వూ చూసే ఉంటావు. భుజం దగ్గర, మడత కింద, ఒక పువ్వుకి రేకలు లేవు. ఉత్త గీతే ఉంది. మా అమ్మకి టైము చాలలేదు. ఆ సంగతి మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు, అక్క దాన్ని మడతలో దాచుకుని కట్టింది. గుమ్మంలో నిలబడేసరికి మడత జారింది.

ఆ ప్రింటు పట్టుకుని జాలరిపేట వెళ్ళాను. సీతాలు వల బాగుచేసుకుంటోంది. చేతులు తుడుచుకుని తీసుకుని వెలుగులోకి నడిచింది. లత మొదలు పట్టుకుని వేలితో పైదాకా వెళ్ళింది. భుజం దగ్గర ఆగింది.

"ఇదొగ్గేసినారేటి?"

చెప్పాను. అమ్మ సంగతి, టైము చాలని సంగతి. ఆమె ఫోటో వైపే చూస్తూ ఉంది.

"ఇన్ని పువ్వులుండగా నాను రండసీరనేసినాను. ఈయమ్మి మనసెంత నొచ్చుంటాదో."

లేదమ్మా, మా దీవెనక్క బతికుంటే నవ్వేది అన్నాను. నిజంగానే నవ్వేది కదూ?

అప్పుడు అంది, "కట్టుకోమను. తెల్లగానే కట్టుకోమను. ఈ ఒక్క పువ్వు మాత్రం కుట్టించకు అన్నయ్యా, ఒగ్గేయ్. అది నాను కుడతాను, పసుపు దారంతోటి. అప్పుడు గడప దాటితే నాకు బయిం నేదు."

అర్జునరావు బావగారు పక్కనుంచి, "వల కుట్టినట్టు కుట్టీకు, పిల్ల అందల సిక్కుకుంటాది" అన్నారు. ఆమె సూదితో బెదిరించింది.

కొత్త తెల్ల సిల్కు చీర కొని మహేశ్వరికి ఇచ్చేశాను. భుజం దగ్గర పువ్వు ఒకటి గీతగానే వదిలేయమని చెప్పాను. ఆమె రెండుసార్లు అడిగింది, మర్చిపోతే తిట్టరు కదా అని.

ఇప్పుడు నా కష్టం విను. నేను తీసేది నలుపు తెలుపు. పసుపు రంగు నలుపు తెలుపులో లేత బూడిద, అసలు తెలుపుకి చుట్టమే. తెల్ల సిల్కు మీద ఎండ పడ్డప్పుడు పసుపు దారం కుడితే ఫోటోలో ఆ పువ్వు ఉండదు. రేపు మనవలకి చూపిస్తే, ఏదీ నాయనమ్మ పువ్వు అంటారు. సీతాలుకి ఈ మాట చెప్పలేదు. ఏం చేద్దాం?

నీ ఒంటికన్ను మావయ్య


బెంగళూరు,
14 అక్టోబరు 2025

ఒంటికన్ను మావయ్యకి, తెల్లవెంట్రుకల అత్తయ్యకి,

రేకలు లేని పువ్వు నేను చూశాను. నెగటివ్‌కి గీత పడిందనుకున్నాను. చెరిపేద్దామని మౌసు దానిమీద పెట్టి కూడా, ఎందుకో ఆగాను. ఆగినందుకు దేవుడికి స్తోత్రం.

నీ కష్టానికి మందు ఉంది. నీ కెమెరాతో ఫిల్ము మీద ఒకటి తీయి, అది నీ కోసం, చీర మడతల్లో నీడలు బాగా పడడం కోసం. అదే చోట, అదే వెలుగులో నా డిజిటల్‌తో ఒకటి తీయి. దాన్ని నేను నలుపు తెలుపులోకి మారుస్తాను. అందులో ఏ రంగు ఎంత నల్లగా పడాలో విడివిడిగా చెప్పొచ్చు. పసుపుని మాత్రం పట్టుకుని కిందికి లాగితే చీర తెల్లగానే ఉంటుంది, పువ్వు ముదురుతుంది. కానీ మరీ లాగితే నల్లమచ్చ అయిపోతుంది, మామిడిరసం పడ్డట్టు. ఎంతలో ఆపాలో అదే పని.

మాటలతో నమ్మవని తెలుసు. తెల్ల చేతిరుమాలు మీద పసుపు దారంతో నాకొచ్చినట్టు ఒక పువ్వు కుట్టి, కిటికీ దగ్గర పెట్టి ఫోటో తీశాను. కుట్టు వంకరగా ఉంది, నవ్వకు. ప్రింటు ఇందులో ఉంది. పట్టీ పరీక్ష పెట్టినట్టే అడుగుతున్నాను. పొద్దున వెలుగులో, కిటికీ దగ్గర కూర్చుని, కొత్త కంటితో చూసి చెప్పు. నా మనసు నొచ్చుకుంటుందని అబద్ధం చెప్పకు.

పువ్వు కనిపిస్తోందా?

నీ అక్సా


గోపాలపట్నం,
21 అక్టోబరు 2025

అక్సా,

కార్డు ముక్కే రాస్తున్నాను, పోస్టుమాన్ గుమ్మంలోనే నిలబడ్డాడు. అదే గుమ్మం.

ముందు కొత్త కంటితో చూశాను. తర్వాత దాన్ని చేత్తో మూసి పాతకంటితో కూడా చూశాను, మంచు పట్టినట్టు మసగ్గానే ఉంది.

రెండిటికీ కనిపిస్తోంది తల్లీ. వచ్చెయ్యి.

మావయ్య